మనవాళ్ళేనా?

 

ఈవేళ ఒక చిన్న ప్రశ్న గురించి ఆలోచిద్దాం. ప్రశ్న చిన్నదే గాని, అది ఎదురైనపుడు కొందరికి గుండె ఝల్లుమంటుంది. మీరు రైల్లో వెళుతుంటారు. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన మీ తెలుగు మాట విని సంతోషిస్తాడు. ఏ ఊరు, ఏం చేస్తుంటారు, పిల్లలెంతమంది అని ఆప్యాయంగా అడుగుతాడు. ఫలహారం పొట్లం విప్పి మీకూ ఇంత పెట్టబోతాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు గొంతు కాస్త తగ్గించి, "ఏమనుకోకండి, మీరేమిట్లు? మనవాళ్ళేనా?" అంటాడు. అడిగినవాడు ఆ మాట స్టేషను దిగేలోగా మరచిపోతాడు. జవాబు చెప్పవలసి వచ్చినవాడు మాత్రం చాలాకాలం మరచిపోడు.

మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ బాధ రెండింతలు. ఇక్కడ పక్కింటి అరవవారు కోపం వచ్చినపుడు గొల్టి అంటారు. పెళ్ళికో పేరంటానికో సొంత ఊరు వెళితే, అక్కడ బంధువుల పిల్లలు అరవవాళ్ళొచ్చారని నవ్వుతారు. బడిలో చేర్చేటపుడు దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. దాన్ని నింపేటపుడు తండ్రి కలం ఒక్క క్షణం ఆగుతుంది. పోనీ దేవుని ఆలయానికి వెళితే అక్కడైనా ఊరట ఉందా అంటే, మీది ఏ మిషను, మీరు పాత క్రైస్తవులా లేక ఈమధ్య వచ్చినవారా అని అడిగేవారుంటారు. ఇన్నివైపుల నుండి ఇంతమంది మీకు ఇన్ని పేర్లు పెడుతుంటే, ఇందులో మీరెవరు? మీ విలువ ఇంత అని తేల్చే హక్కు వీరిలో ఎవరికుంది?

చూలై అనే మాట అరవంలోని సూళై. ఇటుకలు, కుండలు కాల్చే బట్టీకి ఆ పేరు. బట్టీ పేరు పెట్టుకున్న పేటలో ఉంటున్న మనకు ఆదికాండము రెండవ అధ్యాయం బోధపడటం కష్టం కాదు. దేవుడు నేలమంటితో నరుణ్ణి చేశాడని అక్కడ రాసి ఉంది. మట్టికి ధర లేదు. ఇటుకకు ధర ఉంది, వెయ్యికి ఇంత అని బజారు కడుతుంది. మనిషి మట్టే గాని, ఇటుక కాడు. దేవుడు అతని నాసికారంధ్రాలలో తన ఊపిరి ఊదాడు. మొదటి అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. దేవుడు మనుష్యుని తన స్వరూపమందు సృజించాడు, స్త్రీనిగాను పురుషునిగాను సృజించాడు. ఈ మాట మనకు అలవాటైపోయి, దానిలోని గడుసుదనం కనబడటం లేదు. ఆ రోజుల్లో ఐగుప్తులోనూ, బబులోను ప్రాంతంలోనూ దేవుని స్వరూపం అనే బిరుదు రాజుకు చెల్లేది. రాజు దేవుని ప్రతిమ, మిగిలినవారు ఆ రాజుకు ఊడిగం చేసేవారు. అలాంటి లోకంలో లేఖనం ఆ బిరుదు తీసి, ఇటుకలు చేసే దాసునికీ, నీళ్ళు మోసే ఆడపడుచుకూ ఇచ్చింది. అదీ ఎప్పుడు? ఆదాము ఒక్క పనైనా చేయకముందే. తోట సేద్యం చేసింది తరువాత, జంతువులకు పేర్లు పెట్టింది తరువాత. విలువ ముందు వచ్చింది, పని తరువాత వచ్చింది. ఈ క్రమం తారుమారు చేసుకోవడం వల్లనే మనలో సగం మంది కుమిలిపోతున్నారు.

వినడానికి బాగానే ఉంది గాని మా వీధిలో ఇదెలా పనికొస్తుంది అంటారా? అయితే మీకు ఒక కాలువ సంగతి చెప్పాలి.

బేసిన్ బ్రిడ్జి దగ్గర బకింగ్‌హాం కాలువ మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడది మురుగు కాలువ, ముక్కు మూసుకుని దాటుతాం. ఒకప్పుడు దాని మీదుగా మద్రాసుకూ తెలుగు జిల్లాలకూ మధ్య సరుకు పడవలు నడిచేవి. ఒంగోలు ప్రాంతంలో ఆ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను కరువు రోజుల్లో తవ్వినవారు ఎవరో, ఆ తవ్వకం చుట్టూ ఏం జరిగిందో తెలిస్తే మన ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

కథ కరువుకు పదేళ్ళ ముందు మొదలవుతుంది. ఒంగోలుకు దూరంగా ఒక పల్లెలో యర్రగుంట్ల పేరయ్య అనే ఆయన ఉండేవాడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. ఆయన వారు ఊరికి చెప్పులు కుట్టేవారు, బావుల్లో మోట తోలడానికి తోలుబానలు కుట్టేవారు. ఆ బానతో తోడిన నీళ్ళు ఊరి పొలాలకు పారేవి. బాన కుట్టిన చెయ్యి మాత్రం ఊరి మంచినీళ్ళ బావిని తాకకూడదు. పేరయ్య అమాయకుడు కాడు. రాజయోగం చెప్పే గురువుల దగ్గర కూర్చుని, దేవుణ్ణి తెలుసుకోవాలని ఏళ్ళ తరబడి తపించినవాడు. తోళ్ళ బేరం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినపుడు అక్కడ క్రీస్తును గురించి విన్నాడు. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. ఊరికి తిరిగివచ్చి ఊరకుండలేదు. తన కులంవారి మధ్య ఇంటింటా ఆ సంగతి చెప్పాడు. ఆ తరువాత ఆ పల్లెల్లో వచ్చిన పెద్ద కదలికకు మూలపురుషుడు ఆయనే అని ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొర స్వయంగా ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో విశ్వాసంలోకి వచ్చినవారికి మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ రోజున వింటుంటే, ముఖ్యంగా రెండవది, వాళ్ళను తక్కువ చేసినట్టు ఉంటుంది. నాకూ చదివినపుడు చివుక్కుమంది. ఇంకొకరి తిండిని ఎగతాళి చేయడం, కడుపు నిండినవాడికి సులువు. ఆ మాంసం తప్ప మరేదీ వారి వాటాకు రానీయకుండా చేసిందెవరో ముందు అడగాలి. కాని ఆ కట్టుబాట్లలో ఇంకొక సంగతి ఉంది, దానిని ఆ పల్లెల పెద్దలు క్లౌ దొర కంటే ముందే పసిగట్టారు. వారానికి ఒక రోజు ఈ మనిషి మన పనికి రాడు. జాతరలో డప్పు కొట్టమంటే కొట్టడు. చచ్చిన గొడ్డును జీతంగా పుచ్చుకోడు. అంటే ఇతను ఇక మన సొత్తు కాడు! అందుకే కొన్ని పల్లెల్లో నీళ్ళు ఆపారు, పనులు మాన్పించారు, దొంగ అభియోగాలు మోపారు. మనిషి తన విలువ తెలుసుకున్నాడని ముందుగా గ్రహించేది, అతణ్ణి తక్కువగా వాడుకుంటున్నవాడే.

ఈ సమయంలోనే ఒంగోలులో ఇంకొకటి జరిగింది. క్లౌ దొర పెట్టిన బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు, వారి పెద్దలు కూడా బోధ పట్ల ఆసక్తి చూపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారు తెగేసి చెప్పారు. క్లౌ దంపతులకు దిక్కు తోచలేదు. పెద్ద కులాలవారు వస్తే ఊరంతా వస్తుంది గదా, పేదవారిని కొంతకాలం ఆగమంటే ఏం పోయింది అనే తర్కం మనకూ తెలిసిందే. భార్యాభర్తలు వేరువేరు గదుల్లో ప్రార్థన చేసుకుని, ఎవరికి వారు బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఎదురైంది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, చివరి భాగం: పిలువబడినవారిలో లోకరీతిని జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశంవారు ఎక్కువమంది లేరనీ, లోకం నీచమని తృణీకరించినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనీ పౌలు చెప్పిన చోటు. దానితో నిర్ణయం తేలిపోయింది. బడికి వచ్చే పై కులాల పిల్లలు మానేశారు. పేదవారికి తలుపు తెరిచే ఉంది.

తరువాత 1876లో వానలు లేవు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా వచ్చిన ఆ మహాకరువులో లక్షలాది జనం చనిపోయారు. సర్కారువారు బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టారు. క్లౌ దొర మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపాడు. బోధకులే మేస్త్రీలు. విశ్రాంతి వేళల్లో జనం చుట్టూ మూగి, వారు చెప్పేది వినేవారు. ప్రయాసపడి భారము మోస్తున్నవారిని యేసు తన దగ్గరకు రమ్మన్నాడనే సంగతి, నిజంగా తలమీద మట్టి తట్ట ఉన్నవారికి ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

అయితే ఆ కరువులో సుమారు పదిహేను నెలలు క్లౌ దొర ఒక్కరికైనా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే నింద వారి మీద పడకూడదని ఆయన ఉద్దేశం. 1878 నడిమికి, ఇక సహాయం లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పిన తరువాత కూడా జనం వదలలేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలి అన్నారు. జూలై 3న, ఒంగోలుకు పది మైళ్ళలో ఉన్న వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఆ పని చేశారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

అయినా ఆ మాట పోలేదు. అన్నం కోసం కలిసినవాళ్ళు అని ఆనాడూ అన్నారు, వారి మనుమల మనుమలను ఈనాడూ అంటున్నారు. ఆ 2,222 మంది గుండెల్లో ఏముందో నాకు తెలుసునని నేను చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. మనిషిగా చూడబడాలని ఒక పేదవాడు కోరుకుంటే, అది భక్తి కంటే తక్కువ కోరిక అని ఎవరు చెప్పారు? గుడ్డి బర్తిమయి కేకవేసింది చూపు కోసం. పన్నెండేళ్ళ రక్తస్రావం గల స్త్రీ వచ్చింది స్వస్థత కోసం. ఆయన ఆమెను కుమారీ అని పిలిచాడు గాని, నీవు నా కోసం వచ్చావా, నీ రోగం కోసం వచ్చావా అని విచారణ జరపలేదు.

ఆ 1878లోనే ఒంగోలు మిషనుకు పునాది వేసిన పెద్దల్లో ఒకడైన జూయెట్ దొర, ఈ పట్టణంలోని తెలుగువారి మధ్య పని చేయడానికి మద్రాసు వచ్చాడు. ఆ జిల్లాల నుండి బతుకు తెరువు కోసం వచ్చి, నగరపాలక సంస్థలో వీధులు ఊడ్చే పనిలో, మురుగు ఎత్తే పనిలో చేరిన తెలుగు కుటుంబాలు ఉత్తర మద్రాసులో తరతరాలుగా ఉన్నాయి. ఈ ప్రసంగం వింటున్న మీలో కొందరు ఆ ఇళ్ళవారే. మీ అమ్మ ఏం చేస్తుంది అని కాలేజీలో ఎవరైనా అడిగితే, గవర్నమెంటు ఉద్యోగం అని చెప్పి మాట తప్పించే పిల్లలు మీ ఇంట్లో ఉన్నారేమో. ఆ పిల్లను గదమకండి. అబద్ధం ఎందుకాడావని అడగడానికి ముందు, ఆ చిన్న వయసులో ఆమె ఎవరి చూపును చూసి భయపడిందో కనుక్కోండి.

చూలై నుండి నడిచి వెళ్ళదగిన దూరంలో ఎగ్మోరు ఉంది. అక్కడ గాంధీ ఇర్విన్ వంతెన రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై అనే ఆయన కేసు ఢిల్లీలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆయన తెలుగువాడు కాడు, ఆది ద్రావిడ కులస్థుడు, క్రైస్తవుడు. రోడ్డు పక్కన పని చేసుకునే చర్మకారులకు ప్రభుత్వంవారు ఉచితంగా చిన్న బంకులు ఇచ్చారు. అదే రోడ్డు, అదే ఎండ, అదే సూది, అదే దారం. కాని క్రైస్తవుడు గనుక ఆయనకు బంకు రాలేదు. 1950లో రాష్ట్రపతి జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కకు రాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వు సడలింది, క్రైస్తవులకు సడలలేదు. మతం మారిన తరువాత కూడా ఆ కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపే ఆధారాలు చాలవని చెప్పి 1985 సెప్టెంబరు 30న న్యాయస్థానం ఆయన అర్జీని కొట్టివేసింది. ఈ విషయం పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ను నియమించింది.

ఇది రాజకీయ ప్రసంగం కాదు. న్యాయం అడగవలసినవారు అడుగుతారు, అడగాలి కూడా. నేను చెప్పదలచింది వేరు. పేరయ్యా తోలు పనివాడే, సూసైయా తోలు పనివాడే. ఒకరికి ఊరు పేరు పెట్టింది, ఇంకొకరికి సర్కారు లెక్క పేరు పెట్టింది. రెండూ మనిషి కంటే చిన్నవే. ఆ లెక్కల మధ్య నలిగి, బడి సర్టిఫికేట్లో ఒక పేరు, సంఘం రిజిస్టర్లో ఇంకొక పేరు పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిని వేదిక మీద నిలబడి నిందించే బోధకులున్నారు. అయ్యా, కొంచెం ఆగండి. రెండు పేర్లతో పెరిగిన పిల్లవాడికి, నాలో ఒకడు అబద్ధం అనే భావం ఎంత లోతుగా దిగబడుతుందో మీకు తెలుసా? వాడికి కావలసింది చీవాట్లు కాదు. దేవుడు నిన్ను ఏ పేరుతో పిలిచినా నిన్నే పిలుస్తాడు, సమూయేలును చీకట్లో పిలిచినట్టు పిలుస్తాడు అని చెప్పే ఒక పెద్ద కావాలి.

లోకం సంగతి సరే, సంఘం మాటేమిటి? దీనిని దాటవేయడం న్యాయం కాదు. చూలైకి పక్కనే ఉన్న వేపేరిలోని మిషను చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసులో సేవ చేసి, తెలుగులోకి బైబిలు అనువదించిన బెంజమిన్ షుల్జ్ కాలం నాటి మూలాలు దానివి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, దేవుని ఆలయంలో కులభేదం పూర్తిగా మానుకోవాలని దక్షిణాది సంఘాలకు ఉత్తరం రాశాడు. వేరువేరుగా కూర్చోవడం ఇక కూడదన్నాడు. వేపేరిలో ఆ ఉత్తరం చదివిన మీదట, పై కులాల క్రైస్తవులు చాలామంది ఆలయం విడిచి వెళ్ళిపోయారు. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె తాగడం కంటే, బల్లనే వదులుకోవడం వారికి తేలికగా తోచింది. ఆ జబ్బు అక్కడితో పోలేదు. కులానికొక శ్మశానం ఉన్న క్రైస్తవ గ్రామాలు మన దక్షిణ దేశంలో ఉన్నాయి.

మన మహాకవి గుర్రం జాషువా గారి బతుకే చూడండి. 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రిది యాదవ కులం, తల్లిది మాదిగ కులం, ఇంట్లో క్రైస్తవ మతం. పై కులాలవారు ఆయన పద్యం విని చప్పట్లు కొట్టి, కులం తెలిశాక ముఖం తిప్పుకునేవారు. ఇటు క్రైస్తవులు, పురాణ కథల మీద కావ్యాలు రాస్తాడా అని ఆయన్ను దూరం పెట్టారు. రెండు ఇళ్ళలోనూ చోటు లేని మనిషి, 1941లో వచ్చిన తన గబ్బిలం కావ్యంలో గబ్బిలం చేత కాశీకి వేదన పంపించాడు. తరువాత ఆయనే క్రీస్తు చరిత్ర రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1957 నుండి 1959 వరకు ఈ మద్రాసు నగరంలోని ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఆయన పనిచేశారు. గాలిలో వెళ్ళే మాటకు అంటు లేదు గదా! చెల్లపిళ్ళ వేంకటశాస్త్రి గారి వంటి పండితుడు తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. అది గొప్ప సన్మానమే. కాని నేనడుగుతున్నాను, గండపెండేరం తొడగకముందు ఆ కాలికి విలువ లేదా?

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఒక మనిషి ఉన్నాడు. పుట్టు గుడ్డివాడు. అతణ్ణి చూడగానే శిష్యులు వేసిన ప్రశ్న మనకు బాగా తెలిసినదే. ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అన్నారు. పుట్టుకలోనే ఏదో తప్పుందని వారి లెక్క. ఆ ప్రశ్ననే యేసు పక్కకు తోసివేశాడు. నేలమీద ఉమ్మివేసి, బురద చేసి, ఆ కన్నుల మీద పూశాడు. చూడండి, మళ్ళీ మట్టే! ఆదికాండంలో మనిషిని చేసిన చేతులు, పని ఇంకా పూర్తి కాలేదన్నట్టు తిరిగి మట్టిని తీసుకున్నాయి.

అతడు వెళ్ళి సిలోయము కోనేటిలో కడుగుకొని చూపుతో వచ్చాడు. ఇరుగుపొరుగువారు సంతోషించారా? లేదు. ఇతడు కూర్చుని బిచ్చమెత్తుకునేవాడు కాడా అని కొందరు, కాదు, అలాంటి పోలిక గలవాడు అని కొందరు వాదులాడుకున్నారు. ఇన్నాళ్ళూ వారు చూసింది ఆ చాచిన చేతిని, ఆ ముఖాన్ని కాదు. బిచ్చం ఆపేసరికి మనిషిని ఆనవాలు పట్టలేకపోయారు! అతడు మాత్రం ఆ గుడ్డివాణ్ణి నేనే అన్నాడు. పాత బతుకును దాచలేదు, దానికి సిగ్గుపడలేదు, దానిలో ఉండిపోనూ లేదు.

తరువాత పెద్దలు విచారణ పెట్టారు. తల్లిదండ్రులు భయపడి, వాడు వయసు వచ్చినవాడు, వాణ్ణే అడగండి అని తప్పుకున్నారు. సమాజమందిరంలో నుండి వెలివేస్తారేమోనని వారి భయం. మన ఇళ్ళలో ఇలాంటి తల్లిదండ్రులు లేరా? వారిని నేను తప్పుపట్టలేను; వెలి అంటే ఏమిటో అనుభవించినవారికి తెలుస్తుంది. చివరకు ఆ పెద్దలు, నీవు పుట్టుకతోనే పాపివి, మాకు బోధ చేస్తావా అని అతణ్ణి బయటకు గెంటేశారు. జవాబు చేతగానపుడు పుట్టుక ఎత్తడం అప్పుడూ ఉంది.

అతణ్ణి వెలివేశారని విని, యేసు వెదకి వెళ్ళి అతణ్ణి కనుగొన్నాడు. ఈ ఒక్క సంగతి మీద నేను చాలాకాలంగా నిలబడి ఉన్నాను. చూపు ఇచ్చినపుడు దారిన వెళుతూ ఇచ్చాడు. అందరూ గెంటినపుడు మాత్రం పనిగట్టుకుని వెదికాడు.

కాబట్టి ఇప్పుడు మీతో. పెళ్ళిచూపులకు వచ్చినవారు రంగు తక్కువన్నారని అద్దం ముందు నిలబడటం మానేసిన చెల్లెలు ఎవరైనా వింటున్నారా? మూడుసార్లు పరీక్ష తప్పి, ఇంట్లో అన్నం తినడానికి కూడా జంకుతున్న తమ్ముడెవరైనా ఉన్నాడా? నీలో అపారమైన శక్తి ఉంది, అద్దంలో చూసుకుని నేను గొప్పవాణ్ణి అని రోజూ పదిసార్లు అనుకో అని చెప్పే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు బజారులో చాలా ఉన్నాయి. వాటి వల్ల కొందరికి మేలు జరిగిందంటే కాదనను. కాని మీ గొప్పతనం మీరే చెప్పుకుని మీరే నమ్మాలంటే, సాక్షీ మీరే, న్యాయాధిపతీ మీరే. నాలుగో సారి పరీక్ష తప్పిన రోజు ఆ సాక్షి నోరు మూసుకుంటాడు. క్రీస్తు సువార్త చెప్పే విలువ ఆ రకం కాదు. అది మీరు గెలిచినందుకు వచ్చింది కాదు గనుక ఓడితే పోదు. కొన్నవాడు ప్రాణమిచ్చి కొన్నాడు. బేరమాడలేదు.

ఇక రెండవ వైపు కూడా ఉంది, అది ఇంకా కష్టం. ఇంతసేపూ మనం ఆ రైలులో ప్రశ్న ఎదుర్కొన్నవారి పక్షాన కూర్చున్నాం. మీ అబ్బాయికి సంబంధం చూస్తున్నారనుకోండి. పిల్ల మంచిది, చదువుకుంది, ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. పాస్టరు గారే చెప్పారు. మీరు బయటకు వచ్చాక, గొంతు తగ్గించి, ఆయన్ను ఏమడిగారు? పత్రికల్లో క్రైస్తవ వధూవరుల ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ అని ఒక మాట, పక్కనే కులం పేరు ఇంకొక మాట. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పిల్లలకు కూడా అలాగే. నా విలువ దేవుడిచ్చాడని నమ్మేవాడు, ఎదుటివాడి విలువ మాత్రం మా మేనమామ నిర్ణయిస్తాడంటే ఆ నమ్మకం ఏ పాటిది? తక్కువ చేయబడినవాడు తనకంటే ఇంకొకణ్ణి కాస్త కింద చూపించి ఊపిరి పీల్చుకోవడం మన పేటల్లో జరగనిది కాదు. మాల, మాదిగ అనే ఎడం మన సంఘాల్లో ఎంత ఉందో నేను చెప్పనక్కర లేదు, మీకు నాకంటే బాగా తెలుసు.

సమయం అయిపోతోంది. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ తొమ్మిదవ అధ్యాయం మీ ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించండి. నలభై ఒక్క వచనాలే, ఎంతో సేపు పట్టదు. చదివేవారిని మీ ఇంట్లో అందరికంటే తక్కువగా మాట్లాడేవారిని ఎంచుకుంటే మరీ మంచిది. ఆ మనిషి పేరేమిటో వెదకండి. శిష్యులు అడగలేదు, పొరుగువారు చెప్పలేదు, పెద్దలకు అవసరం లేకపోయింది, యోహాను కూడా రాయలేదు. వెదకి వెళ్ళిన ఆయనకు మాత్రం, అంత జనంలో అతణ్ణి పోల్చుకోవడం కష్టం కాలేదు.

వచ్చేవారం ఇదే సమయానికి మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.